స్నేహ సంఖ్యలు: హర్రాన్ నుండి యజ్ద్ వరకు

సంఖ్యాశాస్త్ర చరిత్రలో 93,63,584 అనే సంఖ్యకు ఒక విశిష్ట స్థానం ఉన్నది. ఈ సంఖ్యను నిశ్శేషంగా భాగించే సంఖ్యలన్నిటిని, దానిని మాత్రం విడిచి, వరుసగా వ్రాసి కూడినట్లయితే 94,37,056 వస్తుంది. ఈ రెండవ సంఖ్య భాజకాలను అదే విధంగా కూడినట్లయితే తిరిగి 93,63,584 వస్తుంది. మొదటి దాని భాగాలు కలిసి రెండవ దానిని, రెండవ దాని భాగాలు కలిసి మొదటి దానిని నిర్మిస్తున్నవన్నమాట. ఇటువంటి జంటలను అరబ్బీ గణితవేత్తలు 'అల్ అఅదాదుల్ ముతహాబ్బా' అన్నారు. పరస్పరం ప్రేమించుకొనే సంఖ్యలని దీని అర్థం. తెలుగులో వీటిని స్నేహ సంఖ్యలు అనవచ్చును.

యూరపు భాషలలోని గణిత గ్రంథాలు చాలాకాలం ఈ జంటను ఫ్రెంచి తత్త్వవేత్త డేకార్ట్ పేరుతో ముడిపెట్టి చెప్పుతూ వచ్చినవి. 1638లో ఆయన దీనిని మెర్సెన్‌కు వ్రాసిన లేఖలో తెలియజేసిన మాట యథార్థమే. అయితే ఈ జంటను రాబట్టే సూత్రం అప్పటికి ఏడు శతాబ్దాలకు పైగా అరబ్బీ గ్రంథాలలో నిరూపణతో సహా నిలిచి ఉన్నది. ఇదే జంటను పదునేడవ శతాబ్దంలో యజ్ద్ పట్టణానికి చెందిన ఒక పారశీక పండితుడు కూడా గణించి గ్రంథస్థం చేశారు. ఆ సూత్రం ఎక్కడ పుట్టినది, ఎవరెవరి చేతుల మీదుగా నడిచినది, ఆ చరిత్రను ఏ విధంగా చదవవలసి ఉన్నది అనే విషయాలను పరిశీలించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

గ్రీకుల నుండి వచ్చిన ప్రశ్న

సంఖ్యలను వాటి భాజకాల మొత్తాన్ని బట్టి విభజించే పద్ధతి గ్రీకులది. క్రీ.శ. 100 ప్రాంతంలో జీవించిన నికోమేకస్ తన అంకగణిత ప్రవేశికలో సంఖ్యలను మూడు తరగతులుగా చేశారు. ఒక సంఖ్యను, అది మినహా తక్కిన దాని భాజకాల మొత్తంతో పోల్చి చూడవలెను. మొత్తం సంఖ్యకు సమానమయితే అది పరిపూర్ణ సంఖ్య. ఉదాహరణకు 6 భాజకాలు 1, 2, 3. వీటి మొత్తం 6. అదే విధంగా 28, 496, 8,128 కూడా పరిపూర్ణాలే. మొత్తం సంఖ్యను మించినట్లయితే అది అధిక సంఖ్య. తగ్గినట్లయితే హీన సంఖ్య. పరిపూర్ణ సంఖ్యలను రాబట్టే సూత్రాన్ని యూక్లిడ్ తన జ్యామితి గ్రంథంలోని తొమ్మిదవ అధ్యాయం చివర నిరూపించి చూపారు.

స్నేహ సంఖ్యల విషయానికి వచ్చేసరికి పరిస్థితి వేరు. 220, 284 అనే ఒక్క జంట మాత్రం పైథాగరస్ అనుయాయుల పరంపరలో ప్రచారంలో ఉన్నది. 220 భాజకాలు 1, 2, 4, 5, 10, 11, 20, 22, 44, 55, 110. వీటి మొత్తం 284. 284 భాజకాలు 1, 2, 4, 71, 142. వీటి మొత్తం 220. మిత్రుడంటే ఎవరని అడిగినప్పుడు పైథాగరస్ ఈ రెండు సంఖ్యలను చూపినట్లు ఇయాంబ్లికస్ వ్రాశారు. ఈ కథలో స్నేహమున్నది గాని గణితం తక్కువ. ఆ జంట ఎందుకు అట్లా కుదిరినది, మరొక జంటను ఏ మార్గాన పట్టుకోవలెను అన్న ప్రశ్నలకు మిగిలి ఉన్న గ్రీకు గ్రంథాలలో సమాధానం లేదు.

సాబిత్ ఇబ్న్ ఖుర్రా

ఈ ప్రశ్నకు సమాధానం చెప్పినవారు సాబిత్ ఇబ్న్ ఖుర్రా. ఆయన స్వస్థలం నేటి తుర్కీలోని హర్రాన్ పట్టణం. ఇంటి భాష సుర్యానీ. మొదట నాణేల మారకపు వ్యాపారం చేసేవారని జీవితచరిత్రకారులు చెప్పుతారు. బనూ మూసా సోదరులుగా ప్రసిద్ధులైన ముగ్గురు గణితవేత్తలలో ముహమ్మద్ అనే వారు ఆయన భాషాపాండిత్యాన్ని గుర్తించి బాగ్దాదుకు తీసుకొనివచ్చారు. ఖలీఫా ముఅతజిద్ కాలానికి ఆయన ఆస్థానంలో గౌరవస్థానాన్ని పొందారు. హిజ్రీ 288, అనగా క్రీ.శ. 901లో బాగ్దాదులో మరణించారు.

ఒక విషయాన్ని ఇక్కడ స్పష్టంగా చెప్పవలసి ఉన్నది. సాబిత్ ముస్లిం కారు. హర్రాన్‌లోని సాబియీ మతస్థులు. చివరి వరకు ఆ మతంలోనే ఉన్నారు. ఆయన కుమారుడు, ప్రసిద్ధ వైద్యుడు అయిన సినాన్ తరువాత ఇస్లాం స్వీకరించారు. మనుమడు ఇబ్రాహీం ఇబ్న్ సినాన్ జ్యామితిలో పేరెన్నికగన్నవారు. అబ్బాసీ బాగ్దాదు విద్యాలోకం ముస్లింలు, క్రైస్తవులు, యూదులు, సాబియీలు కలిసి నిర్మించిన లోకం. దాని భాష అరబ్బీ. ఈ సంగతిని మరచి వ్రాసిన చరిత్ర ఎంత ఉత్సాహంగా ఉన్నప్పటికీ నిలవదు.

సాబిత్ గొప్ప అనువాదకులు. నికోమేకస్ అంకగణిత ప్రవేశికను అరబ్బీలోకి తెచ్చినది ఆయనే. ఇస్‌హాఖ్ ఇబ్న్ హునైన్ చేసిన యూక్లిడ్ అనువాదాన్ని సరిదిద్దినది కూడా ఆయనే. ఈ రెండు పనులకు, స్నేహ సంఖ్యలపై ఆయన రచించిన గ్రంథానికి నడుమ గల సంబంధం గమనింపదగినది. అనువాదకుడు మూలాన్ని వాక్యం వాక్యం పట్టి చదువుతాడు. కనుక మూలంలో ఉన్నది మాత్రమే గాక, మూలంలో లేనిది కూడా అతనికి కనిపిస్తుంది. పరిపూర్ణ సంఖ్యలను గురించి నికోమేకస్ పద్ధతి చెప్పారు, యూక్లిడ్ నిరూపణ ఇచ్చారు. స్నేహ సంఖ్యలను గురించి మాత్రం ఎవరూ ఆ శ్రమ పడలేదని సాబిత్ తన గ్రంథం ఆరంభంలో పేర్కొన్నారు. ఆ లోటును పూరించడానికే పూనుకొన్నారు.

సూత్రం, దాని మర్మం

సాబిత్ సూత్రాన్ని అంకెలతో చూపినట్లయితే సులభంగా బోధపడుతుంది. 1తో మొదలుపెట్టి రెట్టింపు చేస్తూ పోయినట్లయితే 1, 2, 4, 8, 16, 32, 64, 128 అనే శ్రేణి వస్తుంది. ఇందులో పక్కపక్కన ఉన్న రెండు సంఖ్యలను తీసుకోవలెను. ఉదాహరణకు 64, 128. వీటిని ఒక్కొక్కదానిని మూడింతలు చేసినట్లయితే 192, 384. ఒక్కొక్కదాని నుండి 1 తీసివేసినట్లయితే 191, 383. ఇక 192ను 384తో గుణించినట్లయితే 73,728. దీని నుండి కూడా 1 తీసివేసినట్లయితే 73,727. ఈ విధంగా వచ్చిన 191, 383, 73,727 అనే మూడు సంఖ్యలూ ప్రధాన సంఖ్యలు కావలెను. అనగా 1, తాము తప్ప వేరొక భాజకం లేనివి కావలెను. అట్లా అయినపక్షంలో శ్రేణిలోని 128ని 191తోను 383తోను గుణించగా ఒక సంఖ్య, అదే 128ని 73,727తో గుణించగా మరొక సంఖ్య వస్తాయి. ఆ రెండూ స్నేహ సంఖ్యలు.

128 × 191 × 383 = 93,63,584.
128 × 73,727 = 94,37,056.

ఈ సూత్రం ఎందుకు పనిచేస్తుంది? సాబిత్ నిరూపణ యూక్లిడ్ శైలిలో, రేఖలతో సంఖ్యలను సూచిస్తూ సాగుతుంది. దాని సారాన్ని ఈ విధంగా చెప్పవచ్చును. రెండవ సంఖ్యకు, తనను మినహాయించగా, 15 భాజకాలు. 1 నుండి 128 వరకు రెట్టింపు శ్రేణిలోని ఎనిమిది సంఖ్యలు. వీటి మొత్తం 255. మిగిలినవి 73,727కు 1, 2, 4, 8, 16, 32, 64 రెట్లయిన ఏడు సంఖ్యలు. వీటి మొత్తం 73,727 × 127, అనగా 93,63,329. ఈ రెండు మొత్తాలను కలిపినట్లయితే 93,63,584.

మొదటి సంఖ్యకు తనను మినహాయించి 31 భాజకాలు. రెట్టింపు శ్రేణి మొత్తం 255. దానికి 191 రెట్లు 48,705. 383 రెట్లు 97,665. ఇక 191, 383 లబ్ధమయిన 73,153కు 127 రెట్లు 92,90,431. ఈ నాలుగింటిని కూడినట్లయితే 94,37,056. కాగితం, కలం ఉన్న ఎవరైనా ఈ లెక్కను కొద్ది నిమిషాలలో సరిచూసుకొనవచ్చును.

మర్మమంతా ఒక సమత్వంలో ఉన్నది. తనను కూడా చేర్చుకొన్నట్లయితే మొదటి సంఖ్య భాజకాల మొత్తం 255 × 192 × 384. రెండవ దాని మొత్తం 255 × 73,728. 192ను 384తో గుణించగా వచ్చినదే 73,728 గనుక ఈ రెండు మొత్తాలు సమానం. ఆ విలువ 1,88,00,640. రెండు సంఖ్యలను కలిపినా ఇదే విలువ వస్తుంది. కాబట్టి ఈ మొత్తం నుండి ఒక సంఖ్యను తీసివేసినట్లయితే మిగిలేది రెండవ సంఖ్యే. రెండు సంఖ్యల కూడిక కూడా సరిగా అదే విలువకు చేరడం యాదృచ్ఛికం కాదు. 192 × 384 ఎంతో, 128 × (192 + 384) కూడా అంతే, రెండూ 73,728. మూడింతలు చేయవలెనని సాబిత్ విధించిన నియమం ఈ తూకం కోసమే. నిరూపణ అంటే ఇదే. అదృష్టవశాత్తు దొరికిన జంటకు, కారణం తెలిసి పట్టుకొన్న జంటకు గల తేడా ఇక్కడ ఉన్నది.

అయితే సూత్రం ప్రతిసారి ఫలించదు. శ్రేణిలో 2, 4 తీసుకొన్నట్లయితే 5, 11, 71 అనే ప్రధాన సంఖ్యలు వచ్చి 220, 284 లభిస్తాయి. 4, 8 తీసుకొన్నట్లయితే 11, 23, 287 వస్తాయి. 287 అనగా 7 × 41. అది ప్రధాన సంఖ్య కాదు. 8, 16 తీసుకొన్నట్లయితే 23, 47, 1,151 మూడూ ప్రధానాలే. అప్పుడు 17,296, 18,416 అనే జంట లభిస్తుంది. తరువాతి రెండు మెట్లలో 95 అడ్డు వస్తుంది. అది 5 × 19. ఆపైన గల 64, 128 మెట్టులోనే 93,63,584 దొరుకుతుంది. 73,727 ప్రధాన సంఖ్య అని తేల్చుకోవలెనంటే 271 వరకు గల 58 ప్రధాన సంఖ్యలలో ఏదీ దానిని భాగించదని చూడవలెను. యంత్రాలు లేని కాలంలో ఇది ఓర్పుతో చేయవలసిన పని.

సాబిత్ తన గ్రంథంలో పెద్ద జంటలను అంకెలతో చూపలేదు. ఆయన చూపినది మార్గం. ఆ నిరూపణ నడకను పరిశీలించి, 17,296, 18,416 జంట కూడా ఆయనకు తెలిసి ఉండవచ్చునని 1985లో డచ్చి చరిత్రకారుడు యాన్ హోఖెన్‌డైక్ వాదించారు.

తావీజు ఒకవైపు, నిరూపణ మరొకవైపు

220, 284 జంటకు అరబ్బీ వాఙ్మయంలో మరొక ప్రయాణం కూడా ఉన్నది. 'ఇఖ్వానుస్సఫా' లేఖలలో ఈ జంట సంఖ్యల గుణాలలో ఒకటిగా కనిపిస్తుంది. అందలూసియాలో పుట్టిన 'గాయతుల్ హకీమ్' అనే మంత్రశాస్త్ర గ్రంథంలో ఇది వశీకరణ సాధనంగా మారింది. పదునాలుగవ శతాబ్దంలో ఇబ్న్ ఖల్దూన్ తన 'ముఖద్దిమా'లో మంత్రతంత్రాలను గురించి వ్రాస్తూ, ఇద్దరి మధ్య ప్రేమ కలిగించడానికి తావీజులు చేసేవారు 220, 284లను ఉపయోగిస్తారని వర్ణించారు.

ఒకే సంఖ్య ఇద్దరి చేతిలో రెండు విధాలయినది. తావీజు వ్రాసేవానికి 220 ఒక రహస్యం. దానికి కారణం అక్కరలేదు. పైగా కారణం బయటపడినట్లయితే దాని విలువ పోతుంది. గణితవేత్తకు అదే 220 ఒక ప్రశ్న. దాని కారణం తెలిసినప్పుడే దానికి విలువ. తావీజు సంప్రదాయం ఎన్ని వందల ఏండ్లు నడిచినా 220, 284 వద్దనే ఆగిపోయినది. రెండవ జంటను వెదకవలసిన అవసరం దానికి కలుగలేదు. సాబిత్ మార్గాన నడిచినవారు మాత్రం వందల నుండి వేలకు, వేల నుండి లక్షలకు సాగిపోయారు. 17,296ను, 93,63,584ను ఇచ్చినది సంఖ్యల మహిమపై నమ్మకం కాదు, నిరూపణపై నమ్మకం.

బాగ్దాదీ, ఇబ్నుల్ బన్నా, కమాలుద్దీన్ ఫార్సీ

సాబిత్ తరువాత ఈ విద్య ఒక్క ఊరికి, ఒక్క తరానికి పరిమితం కాలేదు. పదవ, పదునొకండవ శతాబ్దాలలో బీజగణితాన్ని విస్తరింపజేసిన అల్ కరజీ ఈ సూత్రాన్ని తన గ్రంథంలో చేర్చుకొన్నారు. హిజ్రీ 429, అనగా క్రీ.శ. 1037లో మరణించిన అబ్దుల్ ఖాహిర్ అల్ బాగ్దాదీ పేరు మదరసాలలో 'అల్ ఫర్ఖు బైనల్ ఫిరఖ్' కర్తగా అందరికీ తెలిసినదే. కాని అదే పండితుడు 'అత్తక్మిలా ఫిల్ హిసాబ్' అనే గణిత గ్రంథం కూడా రచించారన్న సంగతి తెలిసినవారు తక్కువ. అందులో ఆయన స్నేహ సంఖ్యలను చర్చించారు. బేసి సంఖ్యలలో మొట్టమొదటి అధిక సంఖ్య 945 అని చెప్పారు. పదులలో ఒకటి, వందలలో ఒకటి, వేలలో ఒకటి చొప్పున పరిపూర్ణ సంఖ్యలు వరుసగా వస్తాయన్న నికోమేకస్ అభిప్రాయాన్ని ఖండించి, పదివేలకు లక్షకు నడుమ పరిపూర్ణ సంఖ్య లేదని స్పష్టం చేశారు. ఆయన మాటే నిజం. 8,128 తరువాతి పరిపూర్ణ సంఖ్య 3,35,50,336. మతశాఖలను గురించి వ్రాసిన కలం, సంఖ్యల విషయంలో పూర్వులు చెప్పినదని ఊరుకొనక పరీక్షించి చూచినది.

పశ్చిమాన మరాకిష్‌లో ఇబ్నుల్ బన్నా, తూర్పున ఇరాన్‌లో కమాలుద్దీన్ ఫార్సీ సమకాలికులు. ఇబ్నుల్ బన్నా 1321లో మరణించారు. కమాలుద్దీన్ హిజ్రీ 718లో మరణించారు. 17,296, 18,416 అనే జంట ఇద్దరి రచనలలోనూ అంకెలతో సహా కనిపిస్తుంది. ఫ్రాన్సులో ఫెర్మా ఇదే జంటను 1636లో ప్రకటించారు. అనగా మూడు శతాబ్దాల తరువాత.

కమాలుద్దీన్ గ్రంథం పేరు 'తజ్కిరతుల్ అహ్‌బాబ్ ఫీ బయానిత్తహాబ్'. స్నేహాన్ని వివరిస్తూ స్నేహితులకు వ్రాసిన జ్ఞాపిక అని దీని భావం. ఇందులో ఆయన సాబిత్ సూత్రాన్ని తిరిగి నిరూపించారు. అయితే పాత దారిన కాదు. మొదట ప్రతి సంయుక్త సంఖ్యను పరిమితమైన ప్రధాన సంఖ్యల లబ్ధంగా విడగొట్టవచ్చునని స్థాపించారు. ఆపైన, విడగొట్టిన ప్రధాన సంఖ్యలను ఎన్ని విధాలుగా కలపవచ్చునో లెక్కించి, దాని మూలంగా భాజకాల సంఖ్యను, వాటి మొత్తాన్ని రాబట్టే పద్ధతిని చెప్పారు. నేడు కళాశాల విద్యార్థి 93,63,584కు తనతో కలిపి 32 భాజకాలని ఒక్క గుణకారంతో తేల్చుతాడు: 8 × 2 × 2. ఈ ఆలోచనా విధానం కమాలుద్దీన్ గ్రంథంలో క్రమబద్ధంగా కనిపిస్తుంది. స్నేహ సంఖ్యల ప్రశ్న ఈ విధంగా సంఖ్యాశాస్త్రంలో ఒక కొత్త ప్రకరణాన్ని తెరిచినది.

ఇదే కమాలుద్దీన్ ఇంద్రధనుస్సు ఏర్పడే తీరును నీటితో నింపిన గాజుగోళంతో ప్రయోగాలు చేసి వివరించారు. ఇబ్నుల్ హైసమ్ దృశ్యశాస్త్ర గ్రంథానికి ఆయన వ్రాసిన 'తన్ఖీహుల్ మనాజిర్' అనే వ్యాఖ్యను హైదరాబాదులోని దాయిరతుల్ మఆరిఫిల్ ఉస్మానియా హిజ్రీ 1347-48లో, అనగా 1928-30 ప్రాంతంలో, రెండు సంపుటాలుగా ముద్రించింది. ఆ విధంగా ఆయన పేరు దక్కను పాఠకులకు కొత్తది కాదు. స్నేహ సంఖ్యల గ్రంథం మాత్రం చాలాకాలం వ్రాతప్రతులలోనే ఉండిపోయినది. 1980 దశకం ఆరంభంలో, కైరోలో జన్మించి పారిస్‌లో పరిశోధన సాగించిన రుష్దీ రాషిద్ దానిని ప్రకటించి విశ్లేషించిన తరువాతనే దాని ప్రాముఖ్యం లోకానికి తెలిసినది.

యజ్ద్ పట్టణం, యూరపు

సఫవీల పాలనలోని ఇరాన్‌లో, పదునేడవ శతాబ్దంలో, ముహమ్మద్ బాఖిర్ యజ్దీ 'ఉయూనుల్ హిసాబ్' అనే గ్రంథాన్ని రచించారు. 93,63,584, 94,37,056 అనే జంట అందులో ఉన్నది. సాబిత్ చూపిన మెట్లలో 95 వద్ద రెండుసార్లు ఎదురైన వైఫల్యాన్ని దాటి, 73,727 ప్రధాన సంఖ్య అని తేల్చుకొని, ఆ తరువాతి జంటను చేరుకొన్న వ్యక్తి ఆయన. అరబ్బీ గణితశాస్త్రం పదమూడవ శతాబ్దంతో, బాగ్దాదు పతనంతో అంతరించినదని చెప్పే పాత చరిత్రలకు ఈ ఒక్క సంఖ్యే తగిన సమాధానం. 1258 తరువాత పుట్టిన కమాలుద్దీన్, ఆయనకు మూడు శతాబ్దాల తరువాతి యజ్దీ ఈ విద్యను ముందుకు నడిపినవారే.

అదే శతాబ్దంలో పారిస్‌లో మెర్సెన్ అనే క్రైస్తవ సన్యాసి పండితులందరి నడుమ లేఖలను నడిపిస్తూ ఉండేవారు. ఫెర్మా, డేకార్ట్ ఆయన ద్వారానే తమ జంటలను ప్రకటించారు. వారు అనుసరించిన సూత్రం సాబిత్ సూత్రమే. కాని వారు అరబ్బీ గ్రంథాలను చూచి నకలు చేశారని చెప్పడానికి ఆధారం లేదు. యూక్లిడ్ నిరూపణ వారికీ అందుబాటులో ఉన్నది. అదే మూలం నుండి అదే ప్రశ్న పుట్టి, అదే సమాధానం తిరిగి లభించినదని భావించడం న్యాయం. సాబిత్ గ్రంథాన్ని యూరపు పండితులకు పరిచయం చేసినవారు జర్మన్ విద్వాంసుడు ఫ్రాంజ్ వోప్కె. 1852లో ఆయన ప్రకటించిన ఫ్రెంచి వ్యాసంతో సూత్రం వయస్సు అందరికీ తెలిసింది.

పద్ధెనిమిదవ శతాబ్దంలో ఆయిలర్ ఈ శాస్త్రాన్ని మరొక మెట్టు ఎక్కించారు. మూడింతలు చేయవలెనన్న నియమాన్ని సడలించి, తూకం కుదిరే ఇతర మార్గాలను వెదికారు. 1747లో 30 జంటల పట్టికను ప్రకటించారు. తరువాత మరికొన్నిటిని చేర్చారు. అంతటి ఆయిలర్ కంటికి కూడా ఒక చిన్న జంట తప్పించుకొన్నది. 1866లో పదహారేండ్ల ఇటలీ బాలుడు నికోలో పగనీని 1,184, 1,210 స్నేహ సంఖ్యలని ప్రకటించాడు. ఇది సాబిత్ సూత్రానికి లొంగే జంట కాదు. సూత్రం ఉన్నంతమాత్రాన వెదుకులాట ముగియదని ఇది చూపుతున్నది.

నేడు గణనయంత్రాల సహాయంతో నూరు కోట్లకు మించిన జంటలు తెలిసినవి. అయినా సాబిత్ సూత్రం వలన లభించే జంటలు మూడు మాత్రమే తెలుసు: 220తో మొదలయ్యేది, 17,296తో మొదలయ్యేది, 93,63,584తో మొదలయ్యేది. నాలుగవది ఎంత దూరం వెదికినా దొరకలేదు. స్నేహ సంఖ్యల జంటలు అనంతమా, పరిమితమా అన్న ప్రశ్నకు కూడా సమాధానం లేదు. ఒకటి సరి సంఖ్య, మరొకటి బేసి సంఖ్య అయిన జంట ఉన్నదో లేదో తేలలేదు. ఇంతవరకు తెలిసిన ప్రతి జంటకు 1 కాక మరొక ఉమ్మడి భాజకం ఉన్నది. అది లేని జంట ఉండగలదా అన్నది కూడా తేలలేదు. హర్రాన్ పండితుడు పట్టుకొన్న కొస ఇంకా విప్పబడుతూనే ఉన్నది.

ఈ చరిత్రను చదువవలసిన తీరు

ముస్లింల విజ్ఞాన చరిత్రను గురించి వ్రాసేవారిలో రెండు ధోరణులు కనిపిస్తాయి. మొదటిది, అరబ్బులు గ్రీకుల సొమ్మును భద్రపరచి యూరపుకు అప్పగించిన కావలివారు మాత్రమేనని చెప్పే ధోరణి. 93,63,584 చరిత్ర ఈ వాదాన్ని నిలువనీయదు. గ్రీకుల నుండి వచ్చినది ఒక జంట, ఒక కథ. నిరూపణతో కూడిన సూత్రం, రెండవ జంట, ప్రధాన సంఖ్యలుగా విడగొట్టి భాజకాలను లెక్కించే పద్ధతి బాగ్దాదులో, ఇరాన్‌లో, మగ్రిబ్‌లో పుట్టినవి. కావలివాడు సొమ్మును పెంచడు.

రెండవ ధోరణి, సమస్తం మనవారే కనుగొన్నారు, ఇతరులు అపహరించారు అనేది. ఇది వినడానికి ఇంపుగా ఉంటుంది. కాని ఇదే చరిత్ర ఈ వాదాన్ని కూడా నిలువనీయదు. ప్రశ్న గ్రీకులది. సమాధానం చెప్పినవారు సాబియీ. ఫెర్మా, డేకార్ట్ దొంగలు కారు. మరుగున పడిన గ్రంథాన్ని 1852లో వెలికి తెచ్చినవారు ఒక జర్మన్. ఇన్ని చేతులు కలిసిన పనిలో ఒక్క చేతినే చూపడం సాక్ష్యంలో కొంత దాచిపెట్టడమే అవుతుంది. సాక్ష్యాన్ని దాచరాదన్న నియమం న్యాయస్థానానికి ఎంత అవసరమో, చరిత్ర గ్రంథానికి కూడా అంతే అవసరం.

ఈ రెండు ధోరణులూ తావీజు వ్రాసేవాని ధోరణికి దగ్గరివే. ఆయన 220ని చూచి మురిసిపోయాడు గాని దాని భాజకాల వెనుక ఉన్న కారణాన్ని అడగలేదు. పూర్వుల పేర్లను చూచి మురిసిపోయి, వారు చేసిన పనిని చదువకపోవడం కూడా అటువంటిదే. కమాలుద్దీన్ గ్రంథం శతాబ్దాలపాటు వ్రాతప్రతిలో ఉండిపోవడానికి కారణం శత్రువులు కారు. దానిని తెరిచి చదివి, లెక్కను సరిచూచే పాఠకులు లేకపోవడమే. హైదరాబాదులోను, ఇతర నగరాలలోను ఉన్న అరబ్బీ, పారశీక వ్రాతప్రతులలో గణితానికి సంబంధించినవి ఉన్నవి. వాటికి కావలసినది ప్రశంస కాదు. అరబ్బీ వాక్యాన్ని, బీజగణితాన్ని రెండింటినీ చదువగలిగిన యువకులు కావలెను. మదరసా, విశ్వవిద్యాలయం రెండూ ఉన్న దేశంలో అటువంటివారు తయారు కావడం అసాధ్యం కాదు. సాబిత్ మూలాన్ని అనువదిస్తూ మూలంలో లేనిదానిని చూచారు. యజ్దీ సాబిత్ మార్గాన నడుస్తూ సాబిత్ వ్రాయని సంఖ్యను చేరుకొన్నారు. వారసత్వాన్ని నిలుపుకొనే పద్ధతి అదే.